గుండెల మీద కూర్చునేది ఎవరు?



ఈ నెల గోడపత్రికలో ఆరోగ్యం పేజీ నాకు వచ్చింది. దోమలు, చేతులు కడుక్కోవడం, రక్తహీనత, ఇవన్నీ పోయిన నెలల్లో అక్కలు రాసేసినారు. అందుకని నేను మన హాలులో అందరికీ తెలిసి, పగటిపూట మాత్రం ఎవరూ పైకి మాట్లాడని విషయం ఒకటి తీసుకున్నాను. అదే పీడకలలు. వాటితోపాటు నిద్ర పట్టేటప్పుడు, మెలకువ వచ్చేటప్పుడు జరిగే వింతలు. ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు వినపడడం, గుంతలో పడినట్టు ఉలికిపడడం, గుండెల మీద ఎవరో కూర్చున్నట్టు ఉండి కాలూ చెయ్యీ ఆడకపోవడం. వీటన్నిటికీ మనము ఒకటే పేరు పెట్టినాము. దయ్యం.

ఆ పేరు వల్ల మన హాలులో ఒక మంచం ఖాళీ అయింది. ఏడో తరగతి చెల్లి ఇంటికి పోయి నెల దాటింది. అందుకే ఆ పేరు సరైనదా కాదా అని లైబ్రరీ పుస్తకాలు చూసినాను. బయాలజీ టీచరును అడిగినాను. ఆరోగ్య పరీక్షలకు వచ్చిన డాక్టరమ్మను కూడా అడిగినాను. తెలిసినంత వరకు రాస్తున్నాను. పెద్ద వ్యాసమే, రెండు చార్టులు పట్టింది. ఓపికగా చదవండి.

1. నిద్రలో ఏం జరుగుతుంది?

మనిషి తన జీవితంలో సుమారు మూడో వంతు నిద్రలో గడుపుతాడు. నిద్ర అంటే దీపం ఆర్పినట్టు మెదడు ఆరిపోవడం అని అనుకుంటాము. అది నిజం కాదు. నిద్రలో కూడా మెదడు పని చేస్తూనే ఉంటుంది.

1953లో అమెరికాలోని చికాగో విశ్వవిద్యాలయంలో యూజీన్ ఆసెరిన్‌స్కీ, నథానియల్ క్లైట్‌మన్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక సంగతి కనుగొన్నారు. ఆసెరిన్‌స్కీ తన ఎనిమిదేండ్ల కొడుకు కండ్ల పక్కన తీగలు అంటించి, వాడు నిద్రపోతుంటే యంత్రంతో కొలిచినాడు. రాత్రిలో కొన్నిసార్లు మూసిన రెప్పల కింద కనుగుడ్లు చకచకా అటూ ఇటూ తిరుగుతున్నాయని యంత్రం చూపించింది. ఆ సమయంలో లేపి అడిగితే చాలామంది "కల వస్తా ఉండింది" అని చెప్పినారు. ఈ నిద్రకు ఇంగ్లీషులో రెమ్ నిద్ర అని పేరు. మనము కల నిద్ర అనుకుందాము. మీ పక్క మంచం పాప తెల్లవారుజామున నిద్రపోతుంటే రెప్పలు చూడండి, మీకే కనిపిస్తాది.

రాత్రంతా నిద్ర ఒకే తీరుగా ఉండదు. ముందు తేలిక నిద్ర, తర్వాత గాఢనిద్ర, తర్వాత కల నిద్ర, ఇట్ల ఒక చుట్టు పూర్తి కావడానికి సుమారు 90 నిమిషాలు పడుతుంది. రాత్రికి నాలుగైదు చుట్లు తిరుగుతాము. మొదటి చుట్లలో గాఢనిద్ర ఎక్కువ. తెల్లవారే కొద్దీ గాఢనిద్ర తగ్గి కల నిద్ర పెరుగుతుంది.

తెల్లవారుజామున వచ్చిన కల నిజమవుతుందని మన పెద్దలు అంటారు. మా అవ్వ కూడా అంటాది. అసలు సంగతి ఏమిటంటే, పొడుగు కలలు ఎక్కువగా వచ్చేది తెల్లవారుజామునే. ఆ కల మధ్యలో బెల్లు కొడితే లేస్తాము కాబట్టి కల గుర్తుంటాది. గుర్తున్న కల గురించే నలుగురికీ చెప్పుకుంటాము. నిజం కాని వాటిని మరిచిపోయి, ఎప్పుడో ఒకటి నిజమైతే దాన్నే ఏండ్ల తరబడి చెప్పుకుంటాము.

2. శరీరం కట్టేసుకుంటుంది

ఇది ముఖ్యమైన సంగతి. కలలో మనము పరుగెత్తుతాము, చెట్టు ఎక్కుతాము, కొట్లాడతాము. మరి నిజంగా కాళ్లు చేతులు ఎందుకు కదలవు? కల నిద్రలో మెదడే కండరాలకు పోయే ఆజ్ఞలను ఆపేస్తుంది. ఫ్రాన్సు దేశంలో లియోన్ నగరంలో మిషెల్ జూవే అనే శాస్త్రజ్ఞుడు 1959లో పిల్లుల మీద ప్రయోగం చేసి, ఈ నిద్రలో వాటి కండరాలు పూర్తిగా వదులైపోతాయని చూపించినాడు. మెదడులో ఆ ఆపే చోటును పని చేయకుండా చేస్తే, పిల్లులు నిద్రలోనే లేచి ఎలుకను పట్టినట్టు దూకినాయి! ఆపే ఏర్పాటు లేకుంటే మన హాలులో రాత్రిపూట ఎంతమంది మంచం మీద నుంచి దూకుతారో ఆలోచించండి. కాబట్టి ఇది మన మేలు కోసమే ఉంది.

అయితే రెండు కండరాలు మాత్రం ఆగవు. ఒకటి కనుగుడ్లను తిప్పేది. రెండోది ఊపిరి ఆడించే డయాఫ్రం. ఈ రెండూ గుర్తుంచుకోండి, ముందు పనికొస్తాయి.

3. నిద్ర అంచున వచ్చే వింతలు

పొలానికీ పొలానికీ మధ్య గట్టు ఉన్నట్టు, మెలకువకూ నిద్రకూ మధ్య కూడా సన్నని గట్టు ఉంది. ఆ గట్టు మీద ఉన్నప్పుడు మెదడులో సగం ఇటు, సగం అటు ఉంటుంది. అప్పుడే ఈ వింతలన్నీ జరుగుతాయి.

ఉలికిపాటు: నిద్ర పడుతుండగా మెట్టు తప్పినట్టు, బావిలో పడినట్టు ఒళ్లంతా జలదరించి మెలకువ వస్తుంది. కండరాలు వదులయ్యేటప్పుడు ఒక్కసారి గుంజుకోవడం వల్ల ఇట్ల జరుగుతుంది. దాదాపు అందరికీ ఎప్పుడో ఒకసారి వస్తుంది. బాగా అలిసిపోయిన రోజు ఎక్కువ.

పిలుపు: ఎవరో పేరు పెట్టి పిలిచినట్టు, తలుపు కొట్టినట్టు, గజ్జెలు మోగినట్టు వినపడుతుంది. కండ్ల ముందర ముఖాలు, రంగులు కనపడతాయి. ఇది చెవి విన్నది కాదు, కల ముందుగానే మొదలు కావడం. ఒక్కోసారి నిజం శబ్దం కూడా కలలో కలిసిపోతుంది. ప్రశాంతి నిలయం స్టేషను వైపు నుంచి రైలు కూత వినపడితే నాకు కలలో మా తాండా మేకలు అరిచినట్టు ఉంటాది.

గుండెల మీద బరువు: దీన్ని తెలుగులో నిద్ర పక్షవాతం అని రాస్తారు. పేరు చూసి భయపడకండి, నిజం పక్షవాతానికీ దీనికీ సంబంధం లేదు.

నాకు ఇది ఎనిమిదో తరగతిలో సంక్రాంతి సెలవుల తర్వాత వచ్చింది. వెల్లకిలా పడుకున్నాను. కండ్లు తెరిచే ఉన్నాయి. తిరగని ఫ్యాను, కిటికీ, దండెం మీద లంగాలు అన్నీ కనపడతా ఉన్నాయి. కానీ వేలు కూడా కదల్చలేకపోయినాను. కాళ్ల దగ్గర ఎవరో నిలబడినారని తెలుస్తా ఉండింది. ముఖం లేదు. తర్వాత ఎదమీద మూట పెట్టినట్టు బరువు. "యాడీ" అని అరవాలనుకున్నాను. (యాడి అంటే మా సుగాలి భాషలో అమ్మ.) గొంతు రాలేదు. ఎంతసేపో తెలియదు, ఒక యుగం అనిపించింది. తర్వాత ఒక్కసారిగా ఒళ్లు విడిపోయింది. తెల్లవార్లూ దుప్పటి ముసుగు తీయలేదు.

ఇప్పుడు దీన్ని విడివిడిగా చూద్దాము. కల నిద్రలో కండరాలు ఆగిపోతాయని పైన రాసినాను. ఒక్కోసారి మెదడులో మెలకువ భాగం ముందు లేస్తుంది, కండరాలను ఆపిన భాగం ఇంకా లేవదు. బడి గేటు తెరిచినా క్లాసు రూము తాళం తీయనట్టు అన్నమాట. కండ్లు తిరుగుతాయి కాబట్టి గది కనపడుతుంది. చేయి కదలదు. కల నిద్రలో ఎదురొమ్ము కండరాలు కూడా వదులై ఊపిరి తేలికగా ఆడుతుంది. మనము భయపడి గట్టిగా ఊపిరి పీల్చబోతే ఆ కండరాలు సాయం రావు. అదే ఎదమీద బరువు. పూర్తి కాని కల గదిలో కలిసిపోతుంది. మెదడులో భయం కలిగించే భాగం అప్పుడు బాగా చురుకుగా ఉంటుంది కాబట్టి గదిలో ఎవరో ఉన్నారని అనిపిస్తుంది. అదే కాళ్ల దగ్గర మనిషి.

ఇది కొన్ని సెకండ్ల నుంచి ఒకటి రెండు నిమిషాల వరకే ఉంటుంది. డయాఫ్రం పని చేస్తూనే ఉంటుంది కాబట్టి ఊపిరి ఆగదు. దానంతట అదే విడిపోతుంది.

ఎంతమందికి వస్తుంది? 2011లో షార్ప్‌లెస్, బార్బర్ అనే ఇద్దరు 35 పరిశోధనలను కలిపి లెక్క కట్టినారు. మామూలు జనంలో 100 మందిలో సుమారు 8 మందికి జీవితంలో ఒక్కసారైనా వచ్చింది. విద్యార్థుల్లో అయితే 100 మందిలో సుమారు 28 మందికి! నిద్ర సరిగ్గా లేకపోవడం, పరీక్షల భయం విద్యార్థులకే ఎక్కువ కదా. ఈ లెక్క ప్రకారం మన హాలులో 80 మందిమి పడుకుంటే ఇరవై మందికి పైనే ఉంటాము. ఎవరికి వాళ్లు తమ ఒక్కరికే వచ్చిందని దుప్పటి కింద దాచుకుంటున్నాము.

4. దేశానికో దయ్యం

మా అవ్వకు ఈ సంగతి చెప్తే, చింతచెట్టు మీద ఉండేది దిగి వచ్చి కూర్చుందని అనింది. తలకింద ఇనుప ముక్క పెట్టుకోమనింది. మీ ఇండ్లల్లో కత్తి, చీపురు, వేపాకు, తాయెత్తు చెప్పి ఉంటారు.

జపాను దేశంలో దీనికి కనషిబరి అని పేరు. అంటే లోహంతో కట్టేసినట్టు ఉండడం. కంబోడియాలో నొక్కే దయ్యం అంటారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ దీవిలో ముసలి మంత్రగత్తె వచ్చి ఎదమీద ఎక్కిందని చెప్పుకునేవాళ్లు. ఇంగ్లీషులో పీడకలను నైట్‌మేర్ అంటారు. అందులో మేర్ అంటే ఆడ గుర్రం అని మన డిక్షనరీలో ఉంది గానీ, ఈ మాటలో గుర్రం కాదు. రాత్రిపూట వచ్చి ఎదమీద కూర్చునే ఒక పాత దయ్యం పేరు అది. హెన్రీ ఫ్యూజెలి అనే చిత్రకారుడు 1781లో లండనులో ఆ పేరుతోనే ఒక బొమ్మ వేసినాడు. అందులో ఒక ఆమె వెల్లకిలా పడుకొని ఉంటుంది. ఎదమీద ఒక మరుగుజ్జు దయ్యం కూర్చొని ఉంటుంది. తెర వెనుక నుంచి గుర్రం తొంగి చూస్తుంది. వెల్లకిలా పడుకున్నప్పుడే ఇది ఎక్కువగా వస్తుందని ఇప్పటి పరిశోధనలు కూడా చెప్తున్నాయి. ఆ చిత్రకారుడు సరిగ్గానే చూసినాడు!

జపాను వాళ్లకు మన చింతచెట్టు తెలియదు. మనకు న్యూఫౌండ్‌లాండ్ ముసలమ్మ తెలియదు. ఒకరి కథ ఒకరు వినలేదు. అయినా కదలలేకపోవడం, బరువు, పక్కన ఎవరో ఉన్నట్టుండడం, ఈ మూడూ అన్ని చోట్లా ఒకటే. ఎందుకంటే మనుషుల శరీరం అన్ని చోట్లా ఒకటే. దయ్యం వేసుకునే బట్టలు మాత్రం ఆ ఊరివి.

చింతచెట్టు గురించి ఒక మాట. రాత్రిపూట చెట్లు కార్బన్ డై ఆక్సైడ్ వదులుతాయి, అందుకే ఊపిరాడదు అని కొందరు చెప్తారు. టీచరును అడిగితే, వదలడం నిజమే గానీ బయట గాలిలో అది చాలా తక్కువ, దానితో మనిషికి ఊపిరాడకపోవడం జరగదు అన్నారు. మన కాంపౌండు వెనుక చెట్టుకు ఏ పాపమూ తెలియదు.

5. ఓ స్త్రీ రేపు రా

భయం ఒకరి నుంచి ఒకరికి ఎట్ల పాకుతుందో మన ప్రాంతంలోనే జరిగిన కథ ఉంది. 1990ల్లో రాత్రిపూట ఒక ఆడ దయ్యం ఇంటింటికీ వస్తాదని, ఇంట్లో వాళ్ల గొంతుతో పేరు పెట్టి పిలుస్తాదని, పలికితే చచ్చిపోతారని పుకారు పుట్టింది. కర్ణాటకలో తలుపుల మీద "నాళె బా" అని రాసుకున్నారు. అంటే రేపు రా అని. మన తెలుగు ఊర్లలో "ఓ స్త్రీ రేపు రా" అని రాసుకున్నారు. దయ్యం వచ్చి అది చదువుకొని వెనక్కి పోతాదంట. మళ్లీ రేపు వచ్చి మళ్లీ చదువుకుంటాదంట!

అప్పుడు మా యాడి చిన్నపిల్ల. మా అవ్వకు రాయడం రాకపోతే, పక్క ఊరి నుంచి ఒకాయనను పిలిపించి గుడిసె తలుపు మీద సుద్దతో రాయించిందంట. నేను నవ్వి, "అవ్వా, ఆ దయ్యానికి చదువు వచ్చు, నీకు రాదు గదా" అంటే, "అందుకే నిన్ను బడికి పంపిచ్చినాము" అని అనింది.

దీంట్లో నేను గమనించింది ఏమంటే, రాత్రి మూడుసార్లు పిలిస్తే గానీ పలకకూడదని పెద్దలు ముందు నుంచీ చెప్పేవాళ్లు. నిద్ర అంచున ఒక్క పిలుపు వినపడడం ఎంతోమందికి జరిగేదే అని పైన రాసినాను. మామూలు రోజుల్లో అయితే పక్కకు తిరిగి పడుకుంటాము. ఊరంతా దయ్యం కథ నడిచే రోజుల్లో అదే పిలుపు వినపడితే తెల్లారి పది మందికి చెప్తాము. ఆ పది మందీ రాత్రి చెవులు రిక్కించుకొని పడుకుంటారు. వాళ్లకు నిద్ర తక్కువ అవుతాది. నిద్ర తక్కువైతే ఈ వింతలు ఇంకా ఎక్కువ అవుతాయి. మన హాలులో జరిగింది కూడా ఇదే.

6. అరిచిన చెల్లి సంగతి

ఏడో తరగతి చెల్లి పేరు రాయడం లేదు. జ్వరం తగ్గీ తగ్గకుండానే ఇంటి నుంచి బస్సులో వచ్చింది. ఆ రాత్రి పడుకున్న గంటకో గంటన్నరకో లేచి కూర్చొని కేకలు పెట్టింది. కండ్లు తెరిచే ఉన్నాయి, కానీ ఎవరినీ గుర్తుపట్టలేదు. ఒళ్లంతా చెమట. పట్టుకోబోతే తోసేసింది. కొంతసేపటికి తనంతట తానే పడుకుంది. తెల్లారి అడిగితే "నేనెప్పుడు అరిచినాను?" అనింది. మరి రెండు రాత్రులు ఇట్లే అయింది. గుర్తు లేదంటాది కాబట్టి లోపల వేరేది ఉందని పుకారు పుట్టింది. పక్క మంచాల వాళ్లు మంచాలు దూరంగా జరుపుకున్నారు. నాలుగో రోజు ఎవరో ఫోన్ చేస్తే వాళ్ల నాయన వచ్చి తీసుకపోయినాడు. మంత్రించే ఆయన దగ్గర తాయెత్తు కట్టించినారంట. బడి గాలి పడలేదు, ఇంట్లోనే ఉండనీ అని చెప్పినారంట.

డాక్టరమ్మకు పేరు చెప్పకుండా ఇదంతా వివరించినాను. ఆమె చెప్పింది ఇది: దీన్ని నిద్రలో భీతి అంటారు. ఇది పీడకల కాదు, నిద్ర పక్షవాతమూ కాదు. పీడకల తెల్లవారుజామున ఎక్కువగా వస్తుంది, లేచినాక గుర్తుంటుంది. నిద్రలో భీతి రాత్రి మొదటి భాగంలో, గాఢనిద్ర సగం తెగినప్పుడు వస్తుంది, తెల్లారితే గుర్తుండదు. కలవరింతలు, నిద్రలో నడవడం కూడా దీని చుట్టాలే. పిల్లల్లోనే ఎక్కువ. జ్వరం, ప్రయాణం, నిద్ర తక్కువ కావడం దీన్ని లేపుతాయి. కొన్ని కుటుంబాల్లో అమ్మకో నాన్నకో చిన్నప్పుడు ఉండి ఉంటుంది. ఎక్కువమందికి పెద్దయ్యే కొద్దీ పోతుంది.

అంటే గుర్తు లేకపోవడం దయ్యానికి గుర్తు కాదు. గాఢనిద్రకు గుర్తు.

7. మనకే ఎందుకు ఎక్కువ?

13 నుంచి 18 ఏండ్ల వాళ్లకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని వైద్యులు చెప్తారు. మనము పదికి పడుకొని ఐదుకు లేస్తాము. ఏడు గంటలే. అందులో ఎండాకాలం కరెంటు పోతే సగం రాత్రి అట్టతో విసురుకోవడమే.

ఇంకొక కారణం ఏ పుస్తకంలో చూసినా ఉంది. పగటి దిగులే రాత్రి పీడకల అవుతుంది. మన ప్రాంతంలో వాన తక్కువ. జిల్లా పేరు 2022లో అనంతపురం నుంచి శ్రీ సత్యసాయి అని మారింది గానీ మబ్బు మారలేదు. శెనక్కాయ పంట పోయిన ఏడాది మన అమ్మానాన్నలు బెంగళూరుకు కాంక్రీటు పనికి పోతారు. పండుగకు కూడా రారు. నాకు చాలా రోజులు ఒకే కల వచ్చేది. మా యాడి ఇటుకల తట్ట పెట్టుకొని పెద్ద బిల్డింగు మెట్లు ఎక్కతా ఉంటాది. పైకి పోయే కొద్దీ మెట్లు ఉండవు. నేను కింద నుంచి అరుస్తాను, ఆమెకు వినపడదు. దీనికి తాయెత్తు ఏం చేస్తాది? దయ్యం కాదు కదా, దిగులు.

8. ఏమి చేయాలి?

(అ) ఎదమీద బరువు వచ్చినప్పుడు: లేవాలని పెనుగులాడకండి, పెనుగులాడితే భయం పెరుగుతుంది. "ఇది నిద్ర పక్షవాతం, రెండు నిమిషాల్లో పోతుంది" అని మనసులో అనుకోండి. ఊపిరి మెల్లగా వదలండి. కాలి బొటనవేలు ఒక్కటే కదిలించడానికి చూడండి. ఆంజనేయ దండకం చదువుకునే వాళ్లు మనసులో చదువుకోవచ్చు, సేవాలాల్ మహారాజును తలుచుకునే వాళ్లు తలుచుకోవచ్చు, మనసు నెమ్మదిస్తే ఊపిరి నెమ్మదిస్తుంది. మళ్లీ పడుకునేటప్పుడు పక్కకు తిరిగి పడుకోండి.

(ఆ) నిద్రలో ఎవరైనా కేకలు పెట్టినప్పుడు: నీళ్లు చల్లకండి, కొట్టి లేపకండి, చుట్టూ గుంపు చేరకండి. మంచం మీద నుంచి పడకుండా, గోడకు కొట్టుకోకుండా చూసుకుంటూ మెల్లగా మాట్లాడండి. తానే పడుకుంటుంది. తెల్లారి ఎగతాళి చేయకండి.

(ఇ) ఒకే పీడకల మళ్లీ మళ్లీ వచ్చేటప్పుడు: దీనికి వైద్యులు వాడే మంచి పద్ధతి ఒకటి ఉంది. పగటిపూట ఆ కలను నోటు పుస్తకంలో రాయాలి. తర్వాత దాని ముగింపు మనకు నచ్చినట్టు మార్చి రాయాలి. రోజూ పది ఇరవై నిమిషాలు కండ్లు మూసుకొని ఆ కొత్త కలను ఊహించుకోవాలి. నేను మెట్లు లేని చోట ఒక తలుపు పెట్టినాను. యాడి తట్ట దించి, ఆ తలుపు తీసుకొని మన బడి వరండాలోకి వస్తాది. మూడు వారాలు ఊహించినాను. కల పూర్తిగా పోలేదు. కానీ ఇప్పుడు అరవకుండా లేస్తాను.

(ఈ) డాక్టరుకు చూపించవలసినవి: నిద్రలో కాళ్లు చేతులు కొట్టుకొని నాలుక కరుచుకుంటే, పక్క తడిపితే అవి ఫిట్స్ కావచ్చు. పగలు క్లాసులో కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఆపుకోలేక మాటిమాటికీ నిద్రలోకి పడిపోతుంటే అది కూడా చూపించాలి. రోజూ పీడకలలు వచ్చి నిద్ర అంటేనే భయమేస్తే చెప్పాలి. ముందు ప్రభుత్వ ఆసుపత్రి. మనసుకు సంబంధించిన పెద్ద వైద్యం కావాలంటే బెంగళూరులో నిమ్హాన్స్ ఉంది. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం టెలి మానస్ అని ఉచిత ఫోన్ సేవ మొదలుపెట్టింది. నంబరు 14416. తెలుగులో మాట్లాడవచ్చు.

(ఉ) ఒక్కోసారి పీడకల వెనుక నిజంగా భయపెట్టే మనిషి ఉండవచ్చు. ఎవరైనా కొట్టడం, చెడుగా ముట్టుకోవడం జరిగి ఉంటే అది రాత్రిపూట కలగా తిరిగి వస్తుంది. అట్లాంటిది ఉంటే దాచుకోవద్దు. నమ్మకమున్న మేడంకు చెప్పండి. పిల్లల కోసం 1098 ఉంది. తప్పు మీది కాదు.

9. మనవి

అక్కలారా, చెల్లెళ్లారా, లైట్లు ఆర్పినాక దయ్యం కథలు వద్దు. కావాలంటే సాయంత్రం ఆటల పీరియడులో చెప్పుకుందాము. నిద్ర అంచు నుంచి భయమే కాదు, మంచి కథ కూడా రావచ్చు. 1816లో మేరీ షెల్లీ అనే 18 ఏండ్ల అమ్మాయికి నిద్ర పట్టీ పట్టని స్థితిలో కనిపించిన భయంకర దృశ్యమే ఫ్రాంకెన్‌స్టైన్ నవల అయింది. 1818లో అచ్చయింది. ఆమె దుప్పటి కప్పుకొని దాచుకోలేదు, కూర్చొని రాసింది.

వార్డెన్ మేడం గార్లకు మూడు మనవులు. బాత్‌రూముల దారిలో రాత్రంతా ఒక చిన్న బల్బు వెలిగేటట్టు చూడవలెను. పరీక్షలు లేని నెలల్లో రాత్రి స్టడీ అరగంట ముందుగా ముగిస్తే అరగంట నిద్ర కలిసి వస్తుంది. మూడోది ఆ చెల్లి గురించి. నిద్రలో అరిచిన దానికి బడి మానవలసిన పని లేదు. మా తాండాల్లో బడి మానిన ఆడపిల్ల మొదట మేకల వెంట పోతాది. ఒకటి రెండు ఏండ్లకు పెండ్లి మాట వస్తాది. చట్టం ప్రకారం 18 నిండాలని అందరికీ తెలుసు, అయినా వస్తాది. ఆ చెల్లి లెక్కల్లో వాళ్ల క్లాసు ఫస్టు.

వాళ్ల నాయనకు తెలుగు చదవడం రాదు. కాబట్టి ఈ గోడపత్రిక ఆయనకు చేరదు. మేడం గారు ఆయనకు ఒక్కసారి ఫోన్ కలిపిస్తే, ఇందులో రాసినదంతా నేను మా భాషలో చెప్తాను. గాఢనిద్రకు మా భాషలో సరైన మాట ఏదో మా అవ్వను అడిగి పెట్టుకున్నాను. చెల్లి మంచం పక్కన నా మంచం వేసుకోవడానికి కూడా ఒప్పుకున్నాను.

ఇట్లు,
9వ తరగతి విద్యార్థిని,
కొత్తచెరువు.